‘ఒక్క కోర్సే కదా’ అని అడిగిన తమ్ముడికి

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ: నీకు 22 ఏళ్లు, దేవరకొండ దగ్గరి పల్లె, నల్లగొండలో గది తీసుకుని చదువుకుంటున్నావు. మూడేళ్లుగా జిమ్‌కు వెళ్తున్నావు. బరువు 64 కిలోల దగ్గర ఆగిపోయింది. మీ ట్రైనర్ కండ పెంచే స్టెరాయిడ్లతో 8 వారాల ‘కోర్సు’ రాసిచ్చాడు. రోజూ డయనాబాల్ మాత్రలు, వారం వారం మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు, ఆఖర్న ఒంటిని మళ్లీ మామూలు స్థితికి తెస్తాయంటూ ‘పీసీటీ’ పేరుతో ఇంకొన్ని మాత్రలు. ఖర్చు 14 వేలు. వచ్చే ఏడాది ఇంట్లో పెళ్లి చేస్తామంటున్నారు. ‘ఒక్క కోర్సుతో ఏమైనా అవుతుందా అన్నా, నిజం చెప్పండి’ అన్నావు.

నిజమే చెబుతాను. 23 ఏళ్లుగా నల్లగొండలో వ్యాయామశాల నడుపుతున్నాను. అంతకుముందు హైదరాబాద్ పాతబస్తీలోని తాలింఖానాలో, అంటే పాతకాలపు వ్యాయామశాలలో, ఉస్తాద్ దగ్గర దండీలు, బస్కీలు తీసినవాణ్ని. 2004 నుంచి 2008 జనవరి దాకా మూడు కోర్సులు నేనూ చేశాను. కాబట్టి విన్నవి కాదు, పడినవి, చూసినవి, ఆ తరువాత డాక్టర్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నవి చెబుతున్నాను.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ మందులు పనిచేస్తాయి. ‘స్టెరాయిడ్లతో వచ్చేది నీరే, కండ కాదు’ అని నీకు ఎవరైనా చెబితే నమ్మకు. అలా చెప్పేవాళ్ల మంచితనం మీద నాకు అనుమానం లేదు కానీ, ఆ అబద్ధం బయటపడిన రోజున వాళ్లు చెప్పిన మిగతా జాగ్రత్తలన్నీ కుర్రవాళ్లకు అబద్ధాలుగానే కనిపిస్తాయి. 1996లో అమెరికా పరిశోధకులు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. ఆరోగ్యవంతులైన మగవాళ్లకు 10 వారాల పాటు వారానికి 600 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ ఇచ్చారు. ఇంజెక్షన్‌తో పాటు వ్యాయామం చేసినవాళ్లకు కొవ్వు కాని బరువు సగటున 6 కిలోలు పెరిగింది. ఇంజెక్షన్ తీసుకుని ఏ వ్యాయామమూ చేయకుండా ఉన్నవాళ్లకు కూడా 3 కిలోలు పెరిగింది. మందు లేకుండా కష్టపడి బరువులు ఎత్తినవాళ్లకు పెరిగింది 2 కిలోలే. అంత బలమైన మందు కాబట్టే దానికి భయపడమంటున్నాను.

ఇప్పుడు అది లోపల ఏం చేస్తుందో చూడు. నీ వయసు మగవాడి ఒంట్లో టెస్టోస్టెరాన్ రోజుకు దాదాపు 5 నుంచి 7 మిల్లీగ్రాములు తయారవుతుంది. వారానికి 50 మిల్లీగ్రాములు అనుకో. దాన్ని వృషణాలు తమంతట తాము తయారుచేయవు. మెదడు అడుగున శనగగింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. అది ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లను రక్తంలోకి వదిలితేనే వృషణాలు పని మొదలుపెడతాయి. మొదటిది టెస్టోస్టెరాన్ కోసం, రెండోది ముఖ్యంగా వీర్యకణాల కోసం. మెదడు ఎప్పటికప్పుడు రక్తంలో హార్మోన్ ఎంత ఉందో చూసుకుంటూ ఈ కబురు పంపుతుంది. నువ్వు వారానికి 500 మిల్లీగ్రాములు బయటి నుంచి ఎక్కిస్తే, అవసరానికి పది రెట్లు ఉందని చూసి మెదడు కబురు ఆపేస్తుంది. కబురు రాకపోతే వృషణాల్లో పని ఆగిపోతుంది. అవి చిన్నవైపోవడం కంటికే కనిపిస్తుంది.

మన కుర్రవాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990ల్లో టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్‌ను మగవాళ్లకు గర్భనిరోధకంగా వాడవచ్చేమోనని అనేక దేశాల్లో పరీక్షించింది. మోతాదు వారానికి 200 మిల్లీగ్రాములు. కొన్ని నెలల్లోనే ఎక్కువ మందిలో వీర్యకణాల సంఖ్య సున్నాకు పడిపోయింది. నీ ట్రైనర్ రాసిచ్చిన మోతాదును దీని పక్కన పెట్టి చూసుకో. పెళ్లికి ఏడాది ముందు నువ్వు వేసుకోబోయేది అది. ఆ పరీక్షల్లో చాలామందికి మందు ఆపిన కొన్ని నెలల్లో కణాలు తిరిగి వచ్చాయి, అదీ నిజమే. కానీ వాళ్లు ఒకే మందును, లెక్క ప్రకారం, డాక్టర్ల పర్యవేక్షణలో తీసుకున్నారు. జిమ్‌లో నాలుగు రకాలు కలిపి, ఏళ్ల తరబడి వాడినవాళ్లకు ఏడాది, రెండేళ్లు పట్టడం ఉంది. పూర్తిగా రానివాళ్లూ ఉన్నారు.

‘ఒక్క కోర్సే కదా’ అన్న మాట దగ్గర నేను నిన్ను గట్టిగా ఆపాలి. నా అనుభవంలో చెడగొట్టేది మొదటి కోర్సు కాదు, అది ఆపిన తరువాతి రెండు నెలలు. 2004లో నా మొదటి కోర్సులో 8 వారాలకు 7 కిలోలు పెరిగాను. బెంచ్, అంటే పడుకుని ఛాతీ మీంచి ఎత్తే బరువు, 90 నుంచి 110 కిలోలకు వెళ్లింది. క్లాక్ టవర్ దగ్గర నడుస్తుంటే తెలిసినవాళ్లు ఆగి చూసేవాళ్లు. మందు ఆపాను. బయటి హార్మోన్ అయిపోయింది, లోపలిది ఇంకా మొదలుకాలేదు. ఆరు వారాల్లో 4 కిలోలు పోయాయి. మళ్లీ 90 కిలోల దగ్గర చేతులు వణికాయి. కోరిక అన్నదే చచ్చిపోయింది. పొద్దున లేవబుద్ధయ్యేది కాదు. ఒకరోజు మా అమ్మ అన్నం పెట్టి ‘ఇంకొంచెం వేసుకో’ అన్నందుకు పళ్లెం ముందు కూర్చుని ఏడ్చాను. ఎందుకు ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. సరిగ్గా ఆ సమయంలో నా సీనియర్ ఒకాయన ‘నీకు రెండో కోర్సు అవసరం’ అన్నాడు. గంటలో ఒప్పుకున్నాను. ఒంటి కోసం కాదు, ఆ దిగులు పోతే చాలని ఒప్పుకున్నాను. ఆ రెండు నెలల గురించి నీ ట్రైనర్ నీకు చెప్పాడా? చెప్పి ఉండడు.

పీసీటీ మాత్రలు వేసుకుంటే ఆ దశ రాదని అంటారు. అవి సాధారణంగా క్లోమిఫీన్, టామోక్సిఫెన్. పిట్యూటరీని తట్టి లేపడానికి హార్మోన్ డాక్టర్లు కొందరికి వాడతారు, పనిచేసే సందర్భాలు ఉన్నాయి. కానీ అందరికీ ఒకే చీటీ మీద రాసిచ్చి, మూడు వారాల్లో అంతా మామూలైపోతుందని హామీ ఇవ్వడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు. రక్తపరీక్ష లేకుండా పీసీటీ ఇచ్చేవాడికి నీ పిట్యూటరీ లేచిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఇక నా ఇంటి సంగతి. ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నాకు 2006లో పెళ్లయింది. ఏడాది దాటినా పిల్లలు లేరు. ఇంట్లో అందరి చూపూ నా భార్య మీదే. ఆమెను హైదరాబాద్ తీసుకెళ్లి పరీక్షలు చేయించారు. ఎవరో చెప్పిన పసర్లు తాగింది. యాదగిరిగుట్టకు మొక్కుకుంది. ఆమె నోరు చేదుగా ఉందని బెల్లం ముక్క నోట్లో వేసుకుని గుమ్మం దగ్గర కూర్చున్న రోజు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. లోపం నాది కావచ్చని నా మనసుకు తెలుసు. అయినా నెలల తరబడి నోరు తెరవలేదు. 2008 మార్చిలో పరీక్ష చేయించుకున్నాను. మిల్లీలీటరుకు 1.6 కోట్ల వీర్యకణాలకు తగ్గకూడదని ఇప్పటి లెక్క. నా కాగితం మీద సున్నా అని ఉంది. అప్పుడు చెప్పాను ఆమెకు. ఒక్క మాటా అనలేదు. ఆ రాత్రి పసరు సీసాలన్నీ తీసి బయట పారబోసింది. మందులన్నీ మానేసి, డాక్టర్ చెప్పినట్టు నడుచుకుంటే కణాలు కనిపించడానికి ఏడాదికి పైగా పట్టింది. మా అమ్మాయి 2010లో పుట్టింది. నాతో పాటు కోర్సులు చేసిన ఒకతనికి ఈనాటికీ పిల్లలు లేరు.

ఎడమ రొమ్ము కింద నాకు రూపాయి బిళ్లంత గడ్డ కూడా వచ్చింది. చొక్కా తగిలినా నొప్పి. ఎక్కువైన టెస్టోస్టెరాన్‌లో కొంత ఒంట్లోనే ఈస్ట్రోజెన్‌గా, అంటే ఆడ హార్మోన్‌గా మారుతుంది. దానివల్ల మగవాడికి రొమ్ము గ్రంథి పెరుగుతుంది. అది గట్టిపడిందంటే మాత్రలతో పోదు, కోసి తీయాల్సిందే. మొటిమలు, జుట్టు రాలడం, చీటికీమాటికీ కోపం వంటివి నువ్వు వినే ఉంటావు. అవన్నీ నిజమే, వాటి దగ్గర ఆగను. 18 ఏళ్లు నిండని పిల్లలకు ఇస్తే మాత్రం ఎముకల చివరలు ముందే మూసుకుపోయి పొడుగు ఆగిపోతుంది. ఇంటర్ పిల్లలకు ఇది అంటగట్టేవాళ్లను నేను క్షమించలేను. ఆడపిల్లలకైతే గొంతు బొంగురుపోతుంది, గడ్డం మీసం వస్తాయి. మారిన గొంతు మందు మానినా వెనక్కి రాదు.

గుండె దగ్గర మాత్రం ఆగాలి. నా దగ్గరికి వచ్చే కుర్రవాళ్లలో మిర్యాలగూడ వైపు అబ్బాయి ఒకతను ఉండేవాడు. 29 ఏళ్లు, ఆరేళ్లుగా వాడుతున్నాడు, నాకు చెప్పలేదు. ఒకరోజు ఫోను చేసి ‘అన్నా, పడుకుంటే ఊపిరి ఆడట్లేదు, గోడకు ఆనుకుని నిద్రపోతున్నాను’ అన్నాడు. ఆస్పత్రికి తీసుకెళ్లాను. నర్సు బీపీ చూద్దామని పట్టీ చుడితే అతని చేతికి చాలలేదు. రెండుసార్లు చుట్టింది, గాలి నింపగానే రెండుసార్లూ ఊడిపోయింది. పెద్ద పట్టీ వెతికి తెచ్చేదాకా అతను తన చేతినే చూస్తూ కూర్చున్నాడు. ఆ చేయి కోసం ఆరేళ్లు కష్టపడ్డాడు. సాక్సు తీస్తే చీలమండ చుట్టూ ఎలాస్టిక్ గీత లోతుగా దిగి ఉంది. కాళ్లకు నీరు పట్టింది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ అందులోని రక్తంలో ఎంత బయటికి పంపుతుందో ఎకో అనే గుండె స్కానింగ్‌లో తెలుస్తుంది. సాధారణంగా 55 శాతం పైన ఉండాలి. అతనికి 28. మందులు వాడుతూ, ఇంజెక్షన్లు పూర్తిగా మానేసి ఏడాది గడిపితే 40కి వచ్చింది. బతికాడు. ఇప్పుడు బరువులు ఎత్తడు, ఊరి చెరువుగట్టు మీద నడుస్తాడు.

ఇది ఒక్కడి దురదృష్టం కాదు. 2017లో అమెరికాలో 140 మంది బరువులెత్తే మగవాళ్ల గుండెలను పరీక్షించారు. ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు వాడిన 86 మందిలో ఆ శాతం సగటున 52. వాడనివాళ్లలో 63. వాడినవాళ్ల రక్తనాళాల్లో కొవ్వు పూడిక కూడా ఎక్కువగా కనిపించింది. కారణం కష్టమైనది కాదు. ఈ మందులు మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తాయి, చెడ్డదాన్ని పెంచుతాయి. ఎర్రకణాలు పెరిగి రక్తం చిక్కబడుతుంది. బీపీ పెరుగుతుంది. చేతి కండ లాగే గుండె కండ కూడా మందమవుతుంది. గోడలు మందమైన గుండె బిగుసుకుపోతుంది, అంతే తప్ప బలపడదు. ఇవేవీ అద్దంలో కనిపించవు, నొప్పి పెట్టవు.

మన జిల్లా వాళ్లకు ఈ సంగతి వేరే చెప్పాలా? మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు చూడటానికి తేటగానే ఉండేవి. తాగిన రోజున ఎవరికీ ఏమీ కాలేదు. ఏళ్లు గడిచాక ఎముకలు వంగాయి. ‘నేను వాడాను, నాకేం కాలేదు’ అని మీ ట్రైనర్ అన్నాడని రాశావు కదా, అతనికి ఎన్నేళ్లు? 27 అయితే, అతని మాటకు విలువ వచ్చేది ఇంకో ఇరవై ఏళ్లకు.

డయనాబాల్ వంటి మాత్రలది ఇంకో చిక్కు. కాలేయం వాటిని వెంటనే విరగ్గొట్టకుండా వాటి రసాయన నిర్మాణాన్నే మార్చి తయారుచేశారు. అందుకే ఆ భారం కాలేయం మీదే పడుతుంది. కామెర్లు, రక్తం నిండిన తిత్తులు, గడ్డలు దాకా వెళ్లవచ్చు. ఇక్కడ ఒక ఉపయోగపడే సంగతి చెబుతాను, చాలామంది డాక్టరు దగ్గర కూడా తడబడతారు. కాళ్ల వ్యాయామం గట్టిగా చేసిన మర్నాడు రక్తం ఇస్తే స్టెరాయిడ్లు వాడనివాడికి కూడా ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే కాలేయ పరీక్షల అంకెలు పెరిగి కనిపిస్తాయి. అవి కండరాల నుంచి కూడా వస్తాయి. కాబట్టి కనీసం వారం రోజులు బరువులు ఎత్తకుండా ఆగి పరీక్ష చేయించుకోవాలి, జీజీటీ అనే ఇంకో కాలేయ పరీక్ష కూడా చూడమనాలి. అది కండరాల వల్ల పెరగదు. కండ ఎక్కువ ఉన్నవాళ్లకు, మూత్రపిండాల పనితీరు తెలుసుకోవడానికి చూసే క్రియాటినిన్ కూడా కాస్త ఎక్కువే ఉంటుంది. మూత్రపిండం దెబ్బతిన్నదా లేదా తేల్చడానికి సిస్టాటిన్ సి అనే పరీక్ష, మూత్రంలో ప్రోటీన్ పరీక్ష ఉన్నాయి. జిమ్‌కు వెళ్తున్నానని, ఏమేం వాడావో డాక్టరుకు దాచకుండా చెప్పు. ఆయన పోలీసు కాదు.

ఆ సీసాలో ఉన్నది నిజంగా టెస్టోస్టెరానే అని నీకు ఎవరు చెప్పారు? మన దేశంలో ఇవి షెడ్యూల్ హెచ్ మందులు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. జిమ్ బీరువాలోంచి బయటికి వచ్చే సీసా ఏ దారిన వచ్చిందో అడిగితే ఎవరూ చెప్పరు. నకిలీవి వస్తాయి, శుభ్రత లేని చోట నింపినవి వస్తాయి. తుంటి మీద నిమ్మకాయంత చీముగడ్డ వచ్చి కోయించుకున్న కుర్రవాణ్ని నేను చూశాను. ఒకే సీసాలోంచి నలుగురు తీసుకుంటే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ కూడా చేతులు మారతాయి.

మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్ గురించి నువ్వు అడగలేదు, అయినా చెబుతాను. ఇప్పుడు మా చుట్టుపక్కల, అటు పాలమూరులోనూ నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే. ఇది స్టెరాయిడ్ కాదు. ఆపరేషన్ సమయంలో వెన్నులో మత్తు ఇచ్చాక బీపీ పడిపోతే పైకి తేవడానికి మత్తు డాక్టర్లు వాడే మందు. దాన్ని వ్యాయామానికి ముందు నరానికి ఎక్కించుకుంటున్నారు. కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్ల పరుగు సాధన చేసే పిల్లలు కూడా దీని జోలికి వెళ్తున్నారు. దీనితో ఇసుమంత కండ పెరగదు. గుండె దడదడ కొట్టుకుంటుంది, బీపీ అమాంతం లేస్తుంది, అలసట తెలియకుండా పోతుంది. అలసట తెలియకపోవడమే బలం అనుకుంటారు. కొన్నాళ్లకు అది లేకుండా బరువు ముట్టుకోలేరు. నిద్ర పోతుంది, ఎవరో తరుముతున్నారన్న భ్రమలు మొదలవుతాయి. మీ ట్రైనర్ ‘పంప్ కోసం’, అంటే కండలు ఉబ్బడం కోసం, అని ఇది చూపిస్తే ఆ గదిలో ఒక్క నిమిషం ఉండవద్దు.

నువ్వు ఇప్పటికే మొదలుపెట్టి, నాకు సగమే చెప్పి ఉంటే, దానికీ సిగ్గుపడకు. ఇక కొత్తగా ఏదీ వేసుకోకు. నల్లగొండ ప్రభుత్వ వైద్య కళాశాల ఆస్పత్రిలోనో, బీబీనగర్ ఎయిమ్స్‌లోనో జనరల్ మెడిసిన్ డాక్టరును కలువు. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, టెస్టోస్టెరాన్, కొలెస్ట్రాల్, రక్తం చిక్కదనం చెప్పే హిమటోక్రిట్, కాలేయం, మూత్రపిండాలు, వీర్య పరీక్ష, ఎకో, వీటి గురించి అడుగు. టెస్టోస్టెరాన్‌కు రక్తం పొద్దున్నే ఇవ్వాలి. ఆపిన తరువాత దిగులు వస్తుంది, అది నీ బలహీనత కాదు, హార్మోన్ లేకపోవడం వల్ల వచ్చేది. చచ్చిపోవాలనిపిస్తే అదే రోజు ఇంట్లో చెప్పి ఆస్పత్రికి వెళ్లు. ఛాతీ నొప్పి, ఆయాసం, కళ్లు పచ్చబడటం, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టడం, వీటికి మర్నాటిదాకా ఆగకూడదు.

ఇక 64 కిలోల దగ్గర ఆగిపోయిన విషయం. నువ్వు తినేది రాశావు: పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం మెస్‌లో అన్నం, పప్పు, రాత్రి అన్నం, రెండు గుడ్లు. లెక్క వేశాను, రోజుకు 50 గ్రాముల ప్రోటీన్ దాటదు. బరువు పెంచుకోవాలంటే కిలోకు 1.6 గ్రాములు, అంటే నీకు 100 గ్రాములకు పైన కావాలి. నువ్వు ఇంకా సగం ఆకలితో వ్యాయామం చేస్తున్నావు, దానికి హార్మోన్ లోపం అని పేరు పెట్టారు. ఒక గుడ్డుకు 6 గ్రాములు. 50 గ్రాముల మీల్ మేకర్‌లో 25. గుప్పెడు పల్లీల్లో 8 దాకా వస్తుంది, పాలమూరు పల్లీకి పెట్టింది పేరు. శనగ గుడాలు, పెరుగు, వారంలో రెండు మూడు సార్లు కోడికూర. రాత్రి అన్నం బదులు జొన్నరొట్టెలు నీకు ఇష్టమైతే తిను, అన్నం అయినా తప్పు లేదు. 14 వేల రూపాయలతో నీకు నాలుగైదు నెలల పాటు ఇవన్నీ వస్తాయి. క్రియేటిన్ అనే పొడి (ఇది స్టెరాయిడ్ కాదు) రోజుకు 3 నుంచి 5 గ్రాములు, ఆరోగ్యవంతుడికి అది చాలాకాలంగా పరీక్షకు నిలిచిన పదార్థం, కావాలంటే వాడు.

వ్యాయామం విషయంలోనూ తప్పు ఉంది. వారంలో ఐదు రోజులు ఛాతీ, చేతులే చేస్తున్నావు. స్క్వాట్ ఎంత అని అడిగితే ‘అన్నా, కాళ్లు పెద్దగా చేయను’ అన్నావు. వారానికి నాలుగు రోజులు చాలు. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, బెంచ్, రో, పుల్అప్. ఎత్తిన బరువు, చేసిన సార్లు ఒక నోటు పుస్తకంలో రాయి, ప్రతి వారం ఏదో ఒకటి కొంచెమైనా పెరగాలి. రాత్రి రెండింటిదాకా ఫోను చూస్తానన్నావు. ఏడు గంటలు పడుకో. ఇలా చేస్తే నెలకు అర కిలో కండ వస్తుంది. తక్కువే, నాకు తెలుసు. కానీ ఆ అర కిలో మందు ఆపిన ఆరు వారాలకు పోయేది కాదు, దాంతో పాటు నీ టెండన్లూ గట్టిపడతాయి. మందుతో కండ ఒక్కసారిగా పెరిగితే దాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్ ఆ వేగం అందుకోలేక తెగిపోవడం నేను రెండుసార్లు చూశాను.

రేపు పొద్దున లేవగానే, ఏమీ తినకముందు బరువు చూసుకో. నడుము, ఛాతీ, కుడి చేయి, తొడ కొలిచి రాసి పెట్టుకో. మూడు నెలల తరువాత అదే టేపుతో మళ్లీ కొలిచి, స్క్వాట్ బరువుతో సహా నాకు రాయి. అప్పటికీ 64 దగ్గరే ఉంటే మా వ్యాయామశాలకు రా, ఉదయం ఐదింటికే తెరుస్తాను. నువ్వు తినేదీ ఎత్తేదీ ఒక వారం నా కళ్ల ముందు చూసి, ఎక్కడ తప్పుతోందో కలిసి పట్టుకుందాం.